క్వార్ట్జ్ వంటగట్టు: ఎంపిక, బిగింపు, సంరక్షణ

మార్కాపురం చుట్టుపక్కల రాయికి కరువు లేదు. ఊరిని ఆనుకునే పలక గనులున్నాయి. కర్నూలు రోడ్డు పట్టుకుని తూర్పుగా పొదిలి దాటి వెళ్తే, ఒంగోలు చేరకముందే చీమకుర్తి గ్రానైటు క్వారీలు వస్తాయి. గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్లే రైలుమార్గంలో పడమటికి సాగితే కంభం, గిద్దలూరు, నంద్యాల దాటాక బేతంచెర్ల బండల ఊరు. దక్షిణాన కడప బండ సరేసరి. ఇన్ని రకాల రాయి అందుబాటులో ఉన్న ప్రాంతంలో, కొత్తగా కట్టే ఇళ్ల వంటగదుల్లోకి ఏ గనిలోనూ బండగా దొరకని రాయి ఒకటి వచ్చి చేరుతోంది. దుకాణాల్లో దాన్ని క్వార్ట్జ్ అంటున్నారు.

పల్లెల్లో పలుగురాయి అని పిలిచే తెల్లని గట్టి రాయే క్వార్ట్జ్ ఖనిజం. సిలికాన్, ఆక్సిజన్ కలిస్తే ఏర్పడుతుంది. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో దీని స్థానం 7. వంటింటి చాకు ఉక్కు దీనికంటే మెత్తన. అయితే వంటగట్టు మీద పరిచే క్వార్ట్జ్ పలక భూమిలోంచి కోసి తీసింది కాదు. పలుగురాయిని రవ్వగా, పిండిగా ఆడించి, పాలియెస్టర్ రెజిన్ అనే ప్లాస్టిక్ జిగురుతో కలిపి, పాకంతో పల్లీ ఉండ కట్టినట్టు యంత్రంలో గట్టిగా అదిమి చేసినది. బరువులో సుమారు 90 నుంచి 93 శాతం రాయి, మిగతాది రెజిన్, రంగులు. రాయితో పోలిస్తే రెజిన్ చాలా తేలిక. అందువల్ల బరువులో పదో వంతున్న రెజిన్ పలక పరిమాణంలో దాదాపు ఐదో వంతు చోటు ఆక్రమిస్తుంది. ఈ పలక మంచి చెడ్డలు రెండూ ఇక్కడే ఉన్నాయి. గీతలు పడకపోవడం రాయి గుణం. మరకలు పీల్చకపోవడం, వేడికి ఓర్చలేకపోవడం, ఎండకు పసుపుబారడం రెజిన్ గుణాలు.

నల్లమల కొండల్లో ఉండే క్వార్ట్‌జైటు వేరు, ఈ పలక వేరు. భూవిజ్ఞానులు నల్లమల శిలా సముదాయంలో కింద బైరేనికొండ క్వార్ట్‌జైటును, దాని మీద కంభం పొరలను గుర్తించారు. ఇసుకరాయి భూగర్భంలో ఒత్తిడికీ వేడికీ గట్టిపడితే క్వార్ట్‌జైటు అవుతుంది. బురద పొరలు గట్టిపడితే పలకరాయి అవుతుంది. మార్కాపురం పలక ఆ కంభం పొరల్లోదే. కొన్ని పెద్ద దుకాణాల్లో సహజమైన క్వార్ట్‌జైటు పలకలూ అమ్ముతారు. వాటిలో రెజిన్ పాలు ఉండదు, వేడికి ఓర్చుకుంటాయి, ధర మాత్రం ఎక్కువ. కొనేవారు బిల్లు మీద ఏది రాశారో చదివి తీసుకోవాలి.

తయారీ

ఈ యంత్రాలకు పుట్టినిల్లు ఇటలీ. 1963లో మార్చెల్లో తొంచెల్లి స్థాపించిన బ్రెటన్ కంపెనీ, గాలి తీసేసిన గదిలో రాతి రవ్వను కంపింపజేస్తూ అదిమే పద్ధతిని రూపొందించింది. గాలి బుడగలు మిగలకపోవడం వల్ల పలకలో రంధ్రాలుండవు. అచ్చులోంచి వచ్చిన మెత్తటి పలకను కొలిమిలాంటి గదిలో సుమారు 80, 90 డిగ్రీల వేడిలో ఉంచితే రెజిన్ గట్టిపడుతుంది. తర్వాత మందం సరిచేసి మెరుగుపెడతారు. ఇజ్రాయెల్‌లోని స్దోత్ యామ్ కిబుత్జ్‌లో 1987లో మొదలైన సీజర్‌స్టోన్, స్పెయిన్‌లోని కొసెంతినో కంపెనీ 1990లో తెచ్చిన సైల్‌స్టోన్ దీన్ని ప్రపంచం నలుమూలలకూ చేర్చాయి.

తెలుగునేల మీద ఈ పరిశ్రమ పేరు చెబితే ముందు గుర్తొచ్చేది పోకర్ణ. హైదరాబాద్ కేంద్రంగా గ్రానైటు వ్యాపారం చేసిన ఈ సంస్థ, బ్రెటన్ యంత్రాలతో విశాఖ దగ్గర అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలో 2009లో క్వార్ట్జ్ పలకల తయారీ మొదలుపెట్టింది. రెండో కర్మాగారం 2021లో షాద్‌నగర్ వైపు మేకగూడలో మొదలైంది. క్వాంట్రా పేరుతో అమ్మే ఈ పలకల్లో ఎక్కువ భాగం అమెరికా వంటిళ్లకే వెళ్లింది. ఎగుమతులు ఎంత పెరిగాయంటే, 2020లో అమెరికా ప్రభుత్వం భారత్, టర్కీల నుంచి వచ్చే క్వార్ట్జ్ పలకల మీద ప్రత్యేక సుంకాలు విధించింది. ముడిసరుకు కూడా దగ్గరిదే. పాత నెల్లూరు జిల్లా గూడూరు, సైదాపురం అభ్రకపు గనుల ప్రాంతంలోనూ, తెలంగాణలో పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనూ తెల్లని పలుగురాయి విరివిగా దొరుకుతుంది.

పాత రాళ్లతో పోలిస్తే

పశ్చిమ ప్రకాశంలో ఒక తరం కిందటి వంటగట్టు అంటే కడప బండే. నలుపు, ముదురు బూడిద రంగుల్లో ఉండే ఈ రాయి సున్నపురాయి జాతిది. గట్టిదే, చవకే, వేడి గిన్నె దింపినా ఏమీ కాదు. దాని బలహీనత పులుపు. చింతపండు రసం ఒలికినా, నిమ్మచెక్క తలకిందులుగా పెట్టి మరిచిపోయినా ఆ చోట మెరుగు పోయి తెల్లగా మచ్చ కడుతుంది. పులుసు, పచ్చడి లేని పూట ఉండని ఇళ్లలో ఆ మచ్చలు తప్పించుకోవడం కష్టం. అందుకే ఇప్పుడు కడప బండ పైనుంచి కిందికి దిగింది. గట్టు కింద నిలువు ఆధారాలుగా, గ్రానైటుకు అడుగుబండగా, అల్మరా అరలుగా మేస్త్రీలు దాన్నే వాడుతున్నారు. ఆ పనికి దాన్ని మించింది లేదు.

చీమకుర్తి గ్రానైటు సంగతి వేరు. నల్లని నేపథ్యంలో బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ ప్రపంచమంతా పేరున్న రాయి. వ్యాపారంలో గ్రానైటు అంటారు కానీ భూవిజ్ఞానం ప్రకారం అది గాబ్రో వర్గపు శిల. చుక్కల మెరుపు బ్రాంజైటు అనే ఖనిజానిది. అందులో విడిగా ఉండే క్వార్ట్జ్ బహు స్వల్పం. పొయ్యి మీది మూకుడు దింపి నేరుగా పెట్టినా ఓర్చుకుంటుంది. పులుపుకు పాడవదు. నలుపు కావడంతో నూనె మరక కనిపించదు. చీమకుర్తి నుంచి మార్కాపురం దాకా ఒకటే రోడ్డు కాబట్టి రవాణా ఖర్చూ తక్కువే. పండగలకు పెద్ద గిన్నెల్లో వండే ఉమ్మడి కుటుంబానికీ, అద్దెకిచ్చే ఇంటికీ, పెరట్లో కట్టే గట్టుకూ క్వార్ట్జ్ కంటే ఇదే తగిన ఎంపిక. కొత్తదన్న ఒక్క కారణంతో క్వార్ట్జ్ కొంటే డబ్బు దండగ.

మార్కాపురం పలకరాయి వేడినీ, పులుపునూ తట్టుకుంటుంది. అయితే అది పొరలు పొరలుగా విడిపోయే రాయి. బడిపిల్లల పలకగా పేరు తెచ్చుకున్నదీ, నోటు పుస్తకాలు వచ్చి ఆ గిరాకీ తగ్గాక గోడలకు, నేలకు అతికించే అలంకార రాయిగా విదేశాలకు వెళ్తున్నదీ ఆ పొరల గుణం వల్లే. గట్టు అంచున గిన్నె తగిలితే పొర లేచిపోతుంది. పొయ్యి వెనక గోడకు మాత్రం బాగా నప్పుతుంది. తెల్ల క్వార్ట్జ్ గట్టు వెనక రంగురంగుల మార్కాపురం పలక అతికిస్తే వచ్చే అందం టైల్స్‌తో రాదు. గరుకు ముఖం మీద నూనె జిడ్డు పేరుకోకుండా పూత వేయించుకోవాలి.

ఇక నానో వైట్ పేరుతో అమ్మే తెల్లని పలక గాజు సంబంధమైనది. దానిలో క్వార్ట్జ్ రవ్వ, రెజిన్ కలిపి నొక్కే పద్ధతి ఉండదు. పాలలా తెల్లగా ఉంటుంది, మరక పట్టదు. కాని అంచులు సులువుగా పెచ్చులూడతాయి, హఠాత్తుగా వేడి తగిలితే చిట్లుతుంది. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే పెద్ద సిరామిక్ పలకలు వేడికి బాగా ఆగుతాయి. వాటిని కోయడానికి, బిగించడానికి చేయి తిరిగిన పనివాడు కావాలి.

మరి క్వార్ట్జ్ ఎవరికి? తెలుపు, లేత రంగుల గట్టు కావాలనుకునేవారికి. గ్రానైటులో నిజమైన తెలుపు దొరకదు, తెల్ల పాలరాయి చింతపండు ముందు నిలవదు. చీకటి వంటగదికి వెలుగు తెచ్చుకోవాలంటే, ఏటా పూత వేయించే పని లేని రాయి కావాలంటే ఇది సరైనది. ఉన్న ఖర్చులో రెండిటి మేలూ పొందే దారి ఒకటుంది. పొయ్యి ఉన్న వైపు గట్టుకు చీమకుర్తి నలుపు, కూరగాయలు తరిగే వైపు, సింకు వైపు లేత క్వార్ట్జ్. ఎల్ ఆకారపు గట్టులో మూల దగ్గర రెండూ కలిస్తే అతుకు కూడా కావాలని పెట్టినట్టే ఉంటుంది.

కొనేటప్పుడు

క్వార్ట్జ్ పలకలు ఎక్కువగా నిలువెత్తు కొలతల్లో వస్తాయి. పెద్ద సైజు పలక సుమారు 130 అంగుళాల పొడవు, 63 అంగుళాల వెడల్పు, అంటే 57 చదరపు అడుగులు. పది అడుగుల గట్టుకు రెండడుగుల వెడల్పు చొప్పున కావలసింది 20 చదరపు అడుగులే. చాలా దుకాణాలు పలకను ముక్క చేసి అమ్మవు. మిగిలిన దానికి కూడా డబ్బు కట్టాల్సిందే. అందుకని ముందే కాగితం మీద గీసుకుని మిగిలే ముక్కను పూజగది అరుగుకు, చేతులు కడిగే బేసిను చుట్టూ, లోపలి కిటికీ గడపలకు లెక్కేసుకోవాలి. ఒకే వీధిలో ఇద్దరు ఇళ్లు కడుతుంటే ఒక పలకను పంచుకోవడం ఇంకా మేలు.

మందం 20 మిల్లీమీటర్లు సరిపోతుంది. అడుగున కడప బండ ఆధారం ఉంటే 15 కూడా నిలుస్తుంది కానీ సింకు, పొయ్యి కోసం కోసే చోట్ల సన్న పలక బలహీనం. 20 మిల్లీమీటర్ల పలక చదరపు అడుగుకు దాదాపు నాలుగున్నర కిలోలు తూగుతుంది. అంచు లావుగా కనబడాలంటే కింద మరో పట్టీ అతికించి గుండ్రంగా మెరుగుపెడతారు. గుండ్రటి అంచు అందం కోసమే కాదు, గిన్నె తగిలినప్పుడు పదునైన అంచు కన్నా తక్కువగా పెచ్చులూడుతుంది.

చవక సరుకులో మోసాలున్నాయి. రెజిన్ పాలు పెంచడం, పలుగురాయి బదులు సున్నపురాతి పొడి కలపడం ప్రధానమైనవి. దుకాణంలో చేతిలో పట్టేంత నమూనా ముక్క అడిగి ఇంటికి తెచ్చుకుంటే అసలు గుణం బయటపడుతుంది. దాని మీద నిమ్మచెక్క బోర్లించి రాత్రంతా వదిలేయాలి. మచ్చ పడితే సున్నపు పొడి ఉన్నట్టు. చాకు మొనతో గీసి చూడాలి. మంచి పలక మీద బూడిద రంగు గీత పడినా అది చాకు వదిలిన లోహమే, రుద్దితే పోతుంది. గాడి పడితే రెజిన్ ఎక్కువైనట్టు. ముదురు రంగు ముక్కను గోళ్లరంగు తుడిచే అసిటోన్‌లో ముంచిన తెల్లబట్టతో తుడిస్తే రంగు దిగకూడదు. చివరగా తడి పసుపు, ఆవకాయ నూనె, కాఫీ డికాక్షన్ తలా ఒక చుక్క వేసి మరునాడు కడగాలి. దుకాణదారు చూపించే ఏ పుస్తకం కన్నా ఈ ముక్క నమ్మదగిన సాక్ష్యం.

రంగు ఎంచుకునేటప్పుడు నీళ్ల సంగతి మరవకూడదు. పశ్చిమ ప్రకాశం బోరు నీళ్లలో ఫ్లోరైడు, కాఠిన్యం రెండూ ఎక్కువ. ఫ్లోరైడు రాయిని ఏమీ చేయదు. కాఠిన్యానికి కారణమైన కాల్షియం, మెగ్నీషియం లవణాలు మాత్రం నీరు ఆరిన చోటల్లా తెల్ల పొరగా మిగులుతాయి. నల్ల గట్టు మీద ఆ పొర ప్రతి చుక్కకూ కనిపిస్తుంది. తెల్ల గట్టు మీద అది కనబడదు, పసుపు మరక కనబడుతుంది. లేత బూడిద, గోధుమ రంగుల్లో సన్న చుక్కలున్న పలకలు రెండిటినీ కొంత దాచుకుంటాయి. ఈ ప్రాంతపు వంటిళ్లకు అవే అనువు. పలక మొత్తం ఒకే తెలుపుగా ఉంటే అతుకు గీత కూడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

గట్టు ఎత్తు నిర్ణయించేది మేస్త్రీ కాదు, రోజూ వండే మనిషి. నిలబడి మోచేయి మడిస్తే ఆ ఎత్తుకు నాలుగు అంగుళాలు కిందుగా గట్టు ఉంటే భుజాలు నొప్పెట్టవు. పొయ్యి గట్టు మీద పెట్టేదైతే దాని ఎత్తు కూడా కలిపి చూసుకోవాలి.

కోత, దుమ్ము

క్వార్ట్జ్ గట్టు వాడేవారికి ఏ ప్రమాదమూ లేదు. కోసేవారికి ఉంది, అదీ ప్రాణాల మీదికొచ్చేంత. ఈ విషయం చదవకుండా పలక కొనకూడదు.

పలుగురాతి పొడి గాలిలో లేచినప్పుడు అందులో కంటికి కనబడని రేణువులు ఊపిరితిత్తుల లోపలి అరల్లోకి చేరతాయి. శరీరం వాటిని బయటికి నెట్టలేదు. చుట్టూ మచ్చకట్టి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. అదే సిలికోసిస్. తిరగ్గొట్టే మందు లేదు. 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. పాలరాయిలో సిలికా చాలా కొద్ది. పలకరాయిలో సుమారు 20 నుంచి 40 శాతం. క్వార్ట్జ్ పలకలో 90 దాటుతుంది. అంతేకాదు, పిండిగా ఆడించిన రాయి కాబట్టి కోసినప్పుడు లేచే దుమ్ము మరీ సన్నం.

రాతి దుమ్ము సంగతి పలకల పరిశ్రమకు కొత్త కాదు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ దగ్గర బలపాలు చేసే కార్మికుల మీద 1985లో అచ్చయిన అధ్యయనంలో, పరీక్షించిన 593 మందిలో 54.6 శాతానికి సిలికోసిస్ ఉన్నట్టు తేలింది. 1988లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక పథకం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న తొలి చోట్లలో మంద్‌సౌర్ బలపాల పరిశ్రమతో పాటు మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఉంది. పలకల మధ్య పెరిగిన ప్రాంతానికి ఈ చరిత్ర తెలుసు. అందుకే ఇక్కడ కొత్త గట్టు కోయిస్తున్న ఇంటివాళ్లు ఆ దుమ్ము ఎవరి ఊపిరిలోకి వెళ్తోందో అడగడం న్యాయం.

క్వార్ట్జ్ పలకల కథలో ఈ ప్రమాదం బయటపడింది ముందుగా ఇజ్రాయెల్‌లోనే. అక్కడ ఊపిరితిత్తుల మార్పిడి కోసం వచ్చిన 25 మంది కృత్రిమ రాతి కార్మికుల గురించి 2012లో వైద్యులు రాసిన పత్రం ప్రపంచం దృష్టిని మళ్లించింది. తర్వాత స్పెయిన్, ఆస్ట్రేలియా, అమెరికాలోని కాలిఫోర్నియాల్లో యువ కార్మికులు ఇదే జబ్బుతో ఆసుపత్రుల్లో చేరారు. 2024 జులై 1 నుంచి ఆస్ట్రేలియా ఈ పలకల తయారీ, సరఫరా, కోత, బిగింపులను నిషేధించింది. దేశమంతటా అలా నిషేధించిన మొదటి దేశం అదే. భారత్‌లో నిషేధం లేదు. 1948 నాటి కర్మాగారాల చట్టంలో సిలికోసిస్‌ను తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో చేర్చారు. అయితే ఇంటి ముందు గొడుగేసుకుని చేతిలో కటింగ్ మిషన్‌తో పలక కోసే మనిషిని ఏ కర్మాగారపు తనిఖీ అధికారీ చూడడు.

ఇంటివాళ్లు చేయగలిగింది మాత్రం చాలా ఉంది. కోతంతా నీళ్లు పారే యంత్రం ఉన్న వర్క్‌షాపులోనే జరగాలని బేరం కుదిరేటప్పుడే తేల్చుకోవాలి. సింకు, పొయ్యి, కుళాయి రంధ్రాల కొలతలు ముందే ఇస్తే ఇంటి దగ్గర కోసే పని దాదాపు ఉండదు. కొద్దిగా సవరించాల్సి వచ్చినా ఆరుబయట, బ్లేడు మీద నీళ్లు పోస్తూ కోయాలి. మూతికి కట్టుకున్న తువ్వాలు ఈ దుమ్మును ఆపదు. ఎన్95 గానీ అంతకు మించిన రక్షణ గానీ కావాలి, అదీ తడి కోతకు తోడుగానే. కింద పడ్డ బురద ఆరకముందే కడిగి ఎత్తేయాలి. ఆరితే అదే మళ్లీ గాలిలో లేస్తుంది. చీపురుతో పొడిగా ఊడ్చడం, బ్లోయరు లాంటి వాటితో ఊదడం రెండూ ప్రమాదమే. దీనికి అదనంగా కొంత కూలి అడిగితే ఇవ్వాలి. క్వార్ట్జ్‌కు పెట్టే ఖర్చు పక్కన అది లెక్కలోకి రాదు.

ఇప్పుడు సిలికా బాగా తగ్గించిన పలకలు, దాదాపు లేకుండా గాజు పొడి, ఫెల్డ్‌స్పార్ వంటివి వాడిన పలకలు మార్కెట్లోకి వస్తున్నాయి. దుకాణంలో సిలికా శాతం ఎంతో అడిగి, కాగితం మీద రాయించుకోవడం మంచిది. ఆ ప్రశ్న పదిమంది అడిగితే దుకాణదారు అటువంటి సరుకు తెప్పిస్తాడు.

బిగింపు గురించి నాలుగు మాటలు. అడుగు మట్టం సమానంగా ఉండాలి, ఖాళీ ఉన్న చోట పలక చిట్లుతుంది. అతుకు సింకు మీదుగా, పొయ్యి కోసే రంధ్రం మీదుగా పోకూడదు. ఆ రంధ్రాల లోపలి మూలలు సూదిగా కాక గుండ్రంగా కోయాలి, పగుళ్లు మొదలయ్యేది ఆ మూలల్లోనే. ఆధారం లేకుండా ముందుకు వేలాడే భాగం ఎనిమిది అంగుళాలకు మించితే కింద ఇనుప పట్టీ వేయాలి.

వేడి, ఉప్పునీళ్లు, పసుపు

రెజిన్ సుమారు 150 డిగ్రీల దగ్గర మెత్తబడడం, రంగు మారడం మొదలవుతుంది. మరుగుతున్న పులుసు గిన్నె 100 డిగ్రీలు, ఆవిరి పోకముందు కుక్కరు కొంచెం ఎక్కువ. వీటితో పెద్ద నష్టం లేదు. ఇబ్బంది బూరెలు, గారెలు వేయించిన మూకుడుతో, అట్ల పెనంతో. నూనె కాగేటప్పుడు 180 డిగ్రీలు దాటుతుంది, పెనం అంతకన్నా ఎక్కువ. అటువంటిది దించి పలక మీద పెడితే గోధుమ రంగు మచ్చ గుండ్రంగా పడుతుంది, ఒక్కోసారి సన్నని చీలిక వస్తుంది. ఆ మచ్చ మరక కాదు, కాలిన రెజిన్. కడిగితే పోదు. పాత ఇళ్లలో కుండల కింద పెట్టే కుదురు, ఇనుప స్టాండు, చెక్క పలక, ఏదో ఒకటి పొయ్యి పక్కన శాశ్వతంగా ఉంచుకుంటే చాలు. గట్టు మీద ఎత్తుకాళ్ల గ్యాస్ స్టవ్వు పెట్టుకోవచ్చు. శుభకార్యాలకు తెచ్చే పెద్ద బర్నరు మాత్రం గట్టెక్కించకూడదు.

ఎండ కూడా రెజిన్‌కు శత్రువే. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలకు తెల్ల పలక కాలక్రమంలో పసుపుబారుతుంది. మార్కాపురం వేసవి ఎండ గురించి చెప్పనక్కర్లేదు. పడమటి కిటికీ కింద గట్టుంటే తెర వేయాలి. పెరట్లో, డాబా మీద, గిన్నెలు తోమే తొట్టి దగ్గర క్వార్ట్జ్ వేయించకూడదు. బయట వేసిన పలకకు కంపెనీలు సాధారణంగా హామీ ఇవ్వవు.

రోజూ తుడవడానికి గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే ద్రవం, మెత్తని బట్ట సరిపోతాయి. ఇక్కడి నీళ్లకు తుడిచాక ఇంకో మెట్టు తప్పదు. పొడి బట్టతో తేమ లేకుండా ఆరబెట్టాలి. సింకు చుట్టూ, కుళాయి మొదట్లో ఇది రోజూ చేస్తే తెల్ల పొర కట్టదు. అప్పటికే కట్టి ఉంటే సగం నీళ్లు కలిపిన వెనిగర్‌లో బట్ట తడిపి ఐదు నిమిషాలు కప్పి, ప్లాస్టిక్ ముక్కతో గీకి, మంచినీళ్లతో కడగాలి. బ్లేడుతో గీకితే లోహపు గీతలు మిగులుతాయి. కడప బండకో పాలరాతికో ఈ వెనిగర్ వైద్యం పనికిరాదు.

బాత్రూం టైల్స్‌కు వాడే యాసిడ్ గట్టు మీదికి రానే కూడదు. బ్లీచింగ్ పౌడరు, కాస్టిక్ సోడా, రంగులు ఊడదీసే థిన్నర్ కూడా అంతే. ఇవి రెజిన్‌నూ రంగులనూ తినేస్తాయి. స్టీలు పీచు, ఇటుక పొడి, తోముడు పొడుల్లో కొన్ని కూడా మెరుగును పోగొడతాయి. ఇటుక పొడిలో ఉండేదీ క్వార్ట్జే కాబట్టి పలక మీద సమానమైన గట్టిదనంతో గీస్తుంది.

పసుపు మరక పడగానే తుడిచేస్తే ఏమీ ఉండదు. రాత్రంతా ఉంటే తెల్ల పలక మీద లేత పసుపు నీడ మిగలొచ్చు. వంట సోడాను నీళ్లతో ముద్ద చేసి పావుగంట పట్టించి, మెత్తని స్పాంజితో తుడవాలి. పసుపులోని రంగు పదార్థం కుర్కుమిన్ వెలుతురుకు విరిగిపోయేది, కిటికీ వెలుగు పడే చోట మిగిలిన నీడ రోజుల్లో తనంతట తానే పలచబడుతుంది. ఆవకాయ కలిపేటప్పుడు గట్టు మీద పాత దినపత్రిక పరవకూడదు. నూనెకు తడిసి అచ్చు రంగు పలకకు అంటుకుంటుంది. వెడల్పాటి బేసినో, మందపాటి ప్లాస్టిక్ పట్టానో మేలు.

గట్టిదన్న ధైర్యంతో దాని మీదే కూరగాయలు తరిగితే పలకకు ఏమీ కాదు, చాకు మొద్దుబారుతుంది. కొబ్బరికాయ గట్టు అంచున కొట్టడం, రోట్లో దంచేటప్పుడు రోలును గట్టు మీద పెట్టడం, అటక మీది సామాను దించడానికి గట్టెక్కి నిలబడడం, ఈ మూడూ మానాలి. ముఖ్యంగా సింకు ముందు మూడు అంగుళాల వెడల్పుతో మిగిలే పట్టీ మనిషి బరువు మోయదు. పగుళ్లలో చాలా భాగం అక్కడి నుంచే మొదలవుతాయి.

దెబ్బతిన్నప్పుడు

అంచు పెచ్చులూడితే ఊడిన ముక్క దొరికితే దాన్నే రంగు కలిపిన ఎపాక్సీతో అతికించవచ్చు. దొరక్కపోతే ఎపాక్సీ నింపి, ఆరాక చదును చేస్తారు. దగ్గరికొచ్చి చూస్తే తప్ప తెలియదు. సన్నని చీలికను కూడా ఇలాగే మూయొచ్చు కానీ అది కింద ఆధారం లేక వచ్చిందైతే ఆధారం సరిచేయకుండా మూసినా మళ్లీ విచ్చుకుంటుంది.

మెరుగు పోయిన చోట గ్రానైటుకు చేసినట్టు ఇంట్లోనే పాలిష్ మిషన్ పట్టడానికి కొందరు పనివాళ్లు ముందుకొస్తారు. ఒప్పుకోకూడదు. కర్మాగారపు మెరుగు చేతి మిషన్‌తో రాదు, చుట్టూ ఉన్న భాగంతో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పైగా తలుపులు మూసిన వంటగదిలో పొడిగా రుద్దితే ఆ సిలికా పొడి అరల్లో, గిన్నెల మీద, పిల్లలు తిరిగే నేల మీద పడుతుంది. కాలిన మచ్చ బాగా కనబడే చోట ఉంటే ఆ ముక్కను తీయించి, కొన్నప్పుడు మిగిలిన పలక నుంచి కొత్త ముక్క వేయించడమే దారి. అందుకోసం కనీసం రెండడుగుల ముక్కను, పలక వెనక ముద్రించిన పేరు, బ్యాచి నంబరుతో సహా ఇంట్లో దాచి ఉంచుకోవాలి. వేరే బ్యాచి పలక అదే పేరుతో తెచ్చినా రంగు ఛాయ కలవదు.